చారలు చెరిగితే క్వాగానా?

1883 ఆగస్టు 12న ఆమ్‌స్టర్‌డామ్ జూలో ఒక ఆడ క్వాగా చచ్చిపోయింది. తలకూ మెడకూ జీబ్రా చారలు, నడుము దాటాక ఉత్త గోధుమరంగు, తెల్లని కాళ్లు. దక్షిణాఫ్రికా గడ్డి మైదానాల్లో మందలుగా తిరిగిన ఈ జంతువును తోలు కోసం కొంత, తమ గొర్రెల మేతకు అడ్డమని కొంత, వలస రైతులు కాల్చేశారు. పోయింది ఆఖరిదని ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

నూరేళ్ల తర్వాత దాన్ని వెనక్కి తెస్తానన్నవాడు కేప్‌టౌన్ మ్యూజియంలో చచ్చిన జంతువుల తోళ్లను బొమ్మలుగా నిలబెట్టే రైన్‌హోల్డ్ రౌ. 1969లో ఒక క్వాగా పిల్ల తోలు విప్పి మళ్లీ కుట్టబోతే లోపల ఎండిన కండ ముక్కలు అంటుకుని కనిపించాయి. పాతకాలపు పనివాడెవరో సరిగా గీకలేదు. ఆ బద్ధకానికి దండం పెట్టాలి. అలాంటి ఎండు కండ నుంచే 1984లో అమెరికా శాస్త్రవేత్తలు డీఎన్ఏ తీశారు. అంతరించిన జంతువు డీఎన్ఏ చదవడం అదే మొదలు. క్వాగా వేరే జాతి కాదు, మైదాన జీబ్రాలో ఒక శాఖ అని తర్వాత తేలింది.

అందుకే 1987లో రౌ బృందం నమీబియాలోని ఎటోషా జాతీయ పార్కు నుంచి 9 మైదాన జీబ్రాలను తెచ్చింది. తుంటి మీద చారలు పలచగా ఉన్నవాటిని ఏరి జత కట్టించడం, పుట్టినవాటిలో మళ్లీ ఏరడం. ఆబోతును చూసి ఆవును కట్టించే మన రైతు పద్ధతే. కొన్ని తరాలకు వెనకభాగం చారలు దాదాపు పోయిన పిల్లలు పుట్టాయి.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. ఇక్కడ ఉన్న వాతలే చెరుపుతున్నారు. క్వాగాను జనం గుర్తుపట్టింది రంగుతోనే కనుక ఆ రంగొస్తే చాలునన్నది రౌ వాదన. మాకు మింగుడుపడదు. అది మందలో ఎలా మెలిగిందో, కరవులో ఎటు నడిచిందో తోలు మీద రాసి ఉండదు. ఈ పని చేసేవారు మాత్రం నిజాయితీగా వీటిని ‘రౌ క్వాగా’లనే అంటున్నారు. ‘తిరిగొచ్చిన క్వాగా’ అని శీర్షికలు పెట్టేది పత్రికలే.

ఇదే విద్య, అసలు జాతి బతికుండగా చేస్తే ఫలితం వేరు. మనిషి నడుమెత్తు పుంగనూరు ఆవు పూర్తిగా పోకుండా పలమనేరు పశు పరిశోధన కేంద్రం మందను నిలిపింది. ఇప్పుడు దాన్నీ ఇంకా పొట్టిగా, ఇంట్లో ఫొటోకు సరిపోయేలా తగ్గించే పోటీ నడుస్తోంది. కొనేవాళ్లు ఎత్తెంతని అడుగుతున్నారు. వెన్న ఎక్కువుండే దాని పాల ఊసు ఎత్తేవాళ్లు అరుదు.