పురుగు ఉప్పు మాత్రమే, అన్నం వెలుతురే: ఒక వాట్సాప్ చిట్కాకు జవాబు

నెల రోజులుగా తిరుపతిలో నాకు తెలిసిన మొక్కల పిచ్చివాళ్లందరి ఫోన్లలోనూ ఒకటే మెసేజ్ తిరుగుతోంది. చిత్తూరు నుంచి మా పిన్ని పంపింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో పెట్టారు, చివరికి మా ఆఫీసు డ్రైవరన్న కూడా "సామీ, నీ పురుగులు తినే చెట్ల గురించే" అంటూ చూపించాడు. అందులో ఉన్నది ఇదీ:

"కీటకాహార మొక్కలు పురుగులు తిని బతుకుతాయి, వెలుతురు పెద్దగా అక్కర్లేదు. గాజు పెట్టెలో పెట్టి మూత బిగించి టీవీ పక్కన ఉంచండి. లైటు పెట్టాలంటే ఊదారంగు గ్రో లైటే పెట్టాలి, ఇంట్లో వాడే తెల్ల ఎల్ఈడీ పనికిరాదు. రెండడుగుల ఎత్తున వేలాడదీయండి. 24 గంటలూ వెలిగిస్తే రెట్టింపు పెరుగుతాయి. ఆకులు ఎర్రబడితే మాడిపోతున్నట్టు, వెంటనే లైటు తీసేయండి. లైటు కొనలేకపోతే పెట్టెను రోజుకు రెండు గంటలు ఎండలో పెట్టండి."

మొదట వెలుతురు అక్కర్లేదన్నవాళ్లే చివరికొచ్చేసరికి ఎండలో పెట్టమంటున్నారు. నవ్వి ఊరుకునేవాణ్నే. కానీ పిన్ని దీన్ని నమ్మి, నేనిచ్చిన డ్రాసిరాను (ఆకుల మీది జిగురుతో పురుగులను పట్టే చిన్న మొక్క) నిజంగానే టీవీ పక్కన పెట్టింది.

మూడు వారాల తర్వాత చిత్తూరు వెళ్లి చూశాను. నేనిచ్చినప్పుడు ఆ మొక్క రూపాయి బిళ్లంత వెడల్పున, మట్టికి అతుక్కుని, ఎర్రటి వెంట్రుకల చివర జిగురు బొట్లతో మెరుస్తూ ఉండేది. ఇప్పుడు ఆకుల కాడలు సన్నగా సాగి పైకి లేచాయి. రంగు పాలిపోయిన పచ్చ. జిగురు లేదు. నేను చూస్తుండగానే ఒక చీమ ఆకు ఈ చివర ఎక్కి, తాపీగా నడిచి, ఆ చివర దిగి వెళ్లిపోయింది. "రోజూ చీమలు వేస్తానే ఉండా గదరా" అంది పిన్ని.

తప్పంతా ఇక్కడే ఉంది. పురుగు నుంచి ఈ మొక్కలకు ముఖ్యంగా అందేది నత్రజని, భాస్వరం లాంటి పోషకాలు. ఒంట్లోకి కావలసిన చక్కెరను మాత్రం మిగతా పచ్చని మొక్కల్లాగే కిరణజన్య సంయోగక్రియతోనే తయారు చేసుకోవాలి. వెలుతురు అన్నమైతే పురుగు ఉప్పు. అన్నం పెట్టకుండా ఉప్పు ఎక్కువేస్తే ఏమవుతుంది? పైగా జిగురు, వల, కుండ తయారు చేసుకోవడం మొక్కకు ఖర్చుతో కూడిన పని. 1984లో వృక్షశాస్త్రవేత్త థామస్ గివ్‌నిష్ బృందం ఈ లాభనష్టాల లెక్కే వేసింది: పోషకాలు తక్కువగా ఉన్నా ఎండ, తడి బాగా ఉన్న చోటే పురుగుల వేట గిట్టుబాటవుతుందని. అందుకే వెలుతురు చాలని నెపెంథిస్ (ఆకు చివర కుండలో పురుగులను పట్టే మొక్క) కుండలు వేయడం మానేస్తుంది, డ్రాసిరా జిగురు మానేస్తుంది. మన శేషాచలం కొండల్లోనూ డ్రాసిరా ఉంది. అది పెరిగేది నీడలో కాదు, తడి నేల మీద, ఆరుబయట. (చూసి రండి, పీక్కురాకండి. అది రక్షిత అడవి.)

టీవీ పక్కన ఎంత వెలుతురుందో ఫోన్‌లో లక్స్ (ఒక చోట పడే వెలుతురు కొలత) యాప్ పెట్టి చూశాను. 110 లక్స్. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. ఫోన్ యాప్ అంత కచ్చితం కాదు, నిజమే. కానీ ఇక్కడ తేడా వందల రెట్లు. మన కన్ను గదికి తగ్గట్టు సర్దుకుంటుంది కాబట్టి మనకు హాలంతా వెలుగుగానే కనిపిస్తుంది. ఆకుకు ఆ సర్దుబాటు లేదు.

ఇక ఊదారంగు సంగతి. ఈ మాట ఊరికే పుట్టలేదు. ఆకు నుంచి పత్రహరితాన్ని ద్రావకంలోకి తీసి కొలిస్తే అది నీలాన్ని, ఎరుపును బాగా పీల్చుకుంటుంది, ఆకుపచ్చను దాదాపు వదిలేస్తుంది. ఆ గ్రాఫు స్కూలు పుస్తకాల్లోనూ ఉంటుంది. దాన్ని చూసి, ఆకుపచ్చ కాంతి దండగ, నీలం ఎరుపు కలిపితే చాలు అనుకున్నారు. కానీ బతికున్న ఆకు సీసాలోని ద్రావకం కాదు. లోపల కణాల మధ్య కాంతి అటూ ఇటూ చెదురుతూ తిరుగుతుంది, అలా తిరిగే క్రమంలో ఆకుపచ్చలో కూడా ఎక్కువ భాగం ఆకులోనే ఇంకిపోతుంది. మన కంటికి కనిపించేది మిగిలిన కాస్త. 1972లో కీత్ మెక్రీ అనే శాస్త్రవేత్త 22 రకాల పంట మొక్కల ఆకుల మీద రంగు రంగుకూ కొలిచి చూపించాడు: 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య, అంటే ఊదా నుంచి ఎరుపు దాకా ఉన్న కాంతినంతా ఆకు వాడుకుంటుంది, ఎరుపు కాస్త ముందుంటుంది, అంతే.

ఇంట్లో వాడే తెల్ల ఎల్ఈడీ కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. లోపల ఉండేది నీలం ఎల్ఈడీయే. దాని మీద పసుపు పూత ఒకటి కొంత నీలాన్ని తీసుకుని పసుపుగా, ఎరుపుగా మారుస్తుంది, అన్నీ కలిసి తెలుపవుతాయి. అంటే మొక్కకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. డబ్బా మీద 'కూల్ డేలైట్', 6500 కె అని ఉన్న బల్బు నిశ్చింతగా వాడుకోవచ్చు. ఊదా లైటు కింద మొక్క చచ్చిపోదు, ఆ మాటకొస్తే మంచి ఊదా లైటు బాగానే పనిచేస్తుంది. నా గొడవల్లా రెండు. ఒకటి, ఆ రంగులో ఆకు పాలిపోయిందో బూజు పట్టిందో కనపడదు. రెండోది, నేను ఆన్‌లైన్‌లో కొన్న ఒకదాని డబ్బా మీద వేల వాట్లు రాసి ఉంది, మీటరు పెడితే తీసుకున్నది 22 వాట్లు. బల్బు డబ్బా మీద చూడాల్సింది వాట్లు కూడా కాదు, ల్యూమెన్లు, అంటే బల్బు ఇచ్చే మొత్తం వెలుతురు.

రెండడుగుల ఎత్తు అన్నదానికి చిన్న లెక్క చాలు. అడుగు పొడవు, అడుగు వెడల్పున్న పెట్టె నేల 0.09 చదరపు మీటర్లు. 9 వాట్ల మంచి ఎల్ఈడీ బల్బు సుమారు 900 ల్యూమెన్లు ఇస్తుంది. దానిపైన తెల్ల అట్ట గొడుగులా వంచి, ఆకులకు ఆరంగుళాల దూరంలో పెడితే సగం వెలుతురైనా మొక్కల మీద పడుతుంది అనుకుందాం: 450 భాగారం 0.09, అంటే 5,000 లక్స్. రెండు బల్బులకు పది వేలు. నా డ్రాసిరాలు ఆ పది వేలలోనే ఎర్రగా, జిగురుగా ఉన్నాయి. అదే బల్బును రెండడుగుల పైకి లేపితే దూరం నాలుగు రెట్లు, వెలుతురు దాదాపు పదహారో వంతు. మిగతాదంతా మీ గోడకూ సోఫాకూ. మాడిపోతుందని భయమైతే ఆకుల ఎత్తులో ఒక నిమిషం చెయ్యి పెట్టండి. చేతికి వెచ్చగా తగలకపోతే ఆకుకూ ఏం కాదు.

24 గంటల లైటు గురించి. 1729లో ఫ్రాన్సులో దె మైరాన్ అనే ఆయన ఒక అత్తిపత్తి మొక్కను చీకట్లో పెట్టాడు. ఎండ తగలకపోయినా అది పొద్దున ఆకులు విప్పి రాత్రికి ముడుచుకుంటూనే ఉంది. మొక్కలోపల గడియారం ఉందనే ఆలోచనకు అక్కడే బీజం పడింది. పగలూ రాత్రీ లైటు వేసి ఉంచితే టమాటా ఆకులు పసుపు మచ్చలు పడి పాడవుతాయన్నది బాగా తెలిసిన సంగతే. అన్ని మొక్కలూ అలా కావు, కొన్ని తట్టుకుంటాయి. కానీ రెట్టింపు లైటుకు రెట్టింపు పెరుగుదల అన్న లెక్క మాత్రం ఎక్కడా లేదు. 14 గంటలు చాలు. టైమర్ ప్లగ్గు ఒకటి కొనుక్కుంటే మనం మర్చిపోయినా అది మర్చిపోదు. రెండు బల్బులు కలిపి 18 వాట్లు, 14 గంటల చొప్పున నెలకు ఏడున్నర యూనిట్లు. యూనిట్ పది రూపాయలు వేసుకున్నా 75 రూపాయలే.

ఎర్రబడటం మీద రెండు ముక్కలే. వెలుతురు బాగా అందినప్పుడు చాలా డ్రాసిరాలు ఆంథోసయనిన్ అనే ఎర్ర రంగును తయారు చేసుకుంటాయి. ఎర్రగా ఉండి జిగురు మెరుస్తుంటే సంతోషించండి. గోధుమరంగులో ఎండి పెళుసైతే అది మాడటం.

మూత, ఎండ. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో నాకు చదివి తెలియలేదు. మూడేళ్ల కిందట ఏప్రిల్‌లో, బాల్కనీలో, మూత బిగించిన గాజు పెట్టెను పొద్దున తొమ్మిదిన్నరకు ఎండలో పెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి లోపలున్న థర్మామీటరు 49 చూపిస్తోంది. గాజులోంచి ఎండ లోపలికి దూరుతుంది, లోపల వేడెక్కిన గాలికి మాత్రం బయటికి దారి లేదు. మూత తీస్తే ఉడికిన ఆకుకూర వాసన. నాలుగు మొక్కలు, ఒక్కటి కూడా మిగల్లేదు. తిరుపతి ఎండలో గాజు పెట్టెకు రెండు గంటలు కాదు, పావుగంట కూడా ఎక్కువే. ఎల్ఈడీ లైటు ఎండంత వేడి ఇవ్వకపోయినా కొంత వేడి ఇస్తుంది, అందుకే బల్బులను పెట్టె బయటే ఉంచి, మూత బదులు దోమతెర కట్టాను. ఏప్రిల్, మేలలో టైమర్‌ను సాయంత్రం 6 నుంచి పొద్దున 8కి మార్చేస్తాను, మధ్యాహ్నపు వేడికి బల్బు వేడి తోడవకుండా. ఆకును దవడలా మూసి పురుగును పట్టే వీనస్ ఫ్లైట్రాప్‌కు మాత్రం ఈ తంటాలేవీ సరిపోవు. అమెరికాలోని కరోలినాల బురద నేలల మొక్క అది, చలికాలంలో మూడు నాలుగు నెలలు చల్లగా నిద్రపోవాలి. మన డిసెంబరు దానికి చలి కిందే లెక్క కాదు.

నీళ్ల గురించి ఆ మెసేజ్‌లో ఏమీ లేదు కాబట్టి నేనూ వదిలేస్తున్నా. బోరు నీళ్లు మాత్రం పోయకండి.

పిన్ని ఇంట్లో అలమార పై అర కింద రెండు బల్బులు బిగించి వచ్చాను. ఒక్కసారిగా పది వేల లక్స్‌కు తెస్తే నీరసించిన ఆకులు తట్టుకోలేవని మొదటి వారం ఒకటే వెలిగించమన్నాను. సీరియల్ టైములో ఆ వెలుతురు కంట్లో పడుతోందని సణుగుడు, దానికి ముందువైపు ఒక క్యాలెండర్ అట్ట అడ్డం పెట్టింది. సాగిపోయిన పాత ఆకులు మళ్లీ పొట్టివి కావు, వాటిని కత్తిరించొద్దని చెప్పాను. మధ్యలోంచి వచ్చే కొత్త ఆకునే చూస్తుండమన్నాను. నిన్న ఫోటో పంపింది, కాస్త మసకగా ఉంది. కొత్త ఆకు పొట్టిగా ఉంది, అంచున నాలుగైదు బొట్లు కనిపిస్తున్నాయి.