టోకెన్ పిలిచేలోపు

(గుంటూరు కొత్తపేటలో ఓ ఆసుపత్రి వరండా. మామయ్యకి మిర్చి యార్డులో వ్యాపారం, మూడు రోజులుగా జలుబు, గొంతునొప్పి. మేనకోడలు బీఫార్మసీ విద్యార్థిని.)

మామయ్య: వెళ్ళగానే అజిత్రోమైసిన్ రాయమంటాను. పోయినసారి దాంతోనే తగ్గింది.

మేనకోడలు: దాంతో తగ్గిందో, ఎలాగూ తగ్గేదేనో! జలుబు వైరస్ వల్ల వస్తుంది. అజిత్రోమైసిన్ యాంటీబయాటిక్, అది పనిచేసేది బ్యాక్టీరియా మీద.

మామయ్య: నాకున్నది వైరస్సని నీకెలా తెలుసే?

మేనకోడలు: తెలీదు. అందుకే డాక్టరుగార్ని అడగండి. బ్యాక్టీరియా అని అనుమానమా, రెండ్రోజులు ఆగొచ్చా, ఆగితే ఏం కనిపిస్తే వెంటనే రావాలి అని.

మామయ్య: బయట ఇంతమంది ఉంటే లోపల నా ప్రశ్నలు వింటాడా? ‘డాక్టరు నువ్వా నేనా’ అంటే?

(ఇందులో మామయ్యని తప్పుపట్టలేం. అలా కసిరేవాళ్ళు ఉన్నారు.)

మేనకోడలు: మందు పేరు చెప్పి మరీ రాయమంటారుగా, దానికి లేని మొహమాటం దీనికెందుకు? పేషెంటు పట్టుబడితే, నచ్చజెప్పే ఓపిక లేక రాసిచ్చేసేవాళ్ళూ ఉంటారు.

మామయ్య: రాస్తే పోయేదేముంది? సీజన్లో యార్డుకి నాగా పెడితే పోయేది నా డబ్బు. అసలు షాపులో అడిగితే ఇచ్చేవాడు.

మేనకోడలు: అట్ట మీద ఎర్రగీత చూశారా? చీటీ లేకుండా అమ్మకూడదని. కొన్ని యాంటీబయాటిక్స్‌కైతే 2014 నుంచి పేషెంటు పేరు, డాక్టరు పేరు రిజిస్టర్లో రాయాలి.

మామయ్య: ఎవడు రాస్తున్నాడు?

మేనకోడలు: అది నన్నడక్కండి. పోయేదేముందన్నారుగా, విరేచనాలు పట్టుకోవచ్చు, దద్దుర్లు రావచ్చు. అనవసరంగా వాడేకొద్దీ బ్యాక్టీరియా మొండికేస్తుంది. టైఫాయిడ్‌కి ఒకప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్ బ్రహ్మాండంగా పనిచేసేది. మన దేశంలో ఇప్పుడు చాలా కేసుల్లో పనిచేయడం లేదు.

మామయ్య: దేశం సంగతి తర్వాత. నా గొంతు సంగతి చెప్పు.

మేనకోడలు: సరే, మీ సంగతే. గుండెకి బిళ్ళలు వాడుతున్నారు కదా. అజిత్రోమైసిన్ కొందరిలో గుండె లయ తప్పేలా చేస్తుంది. పోయినసారి ఆ బిళ్ళల గురించి డాక్టరుగారికి చెప్పారా?

మామయ్య: ...అడగలేదాయన.

మేనకోడలు: అడక్కపోయినా చెప్పాలి. ఇంట్లో ఏమైనా వేసుకొచ్చారా?

మామయ్య: పోయినసారివి ఒకటి మిగిలితే, రాత్రి...

మేనకోడలు: అదీ చెప్పండి. ఒకవేళ బ్యాక్టీరియానే అని తేలి యాంటీబయాటిక్ రాస్తే, ఎన్ని రోజులు వాడాలో అడిగి అన్నీ వాడండి. మిగల్చొద్దు.

(నర్సు టోకెన్ నంబరు పిలిచింది.)

మామయ్య: నువ్వూ రా. గుండె బిళ్ళల సంగతి నువ్వు చెప్పు. అజిత్రోమైసిన్ మాత్రం నేనడుగుతా.