తన కవితలో తనతోనే తగువు పడ్డ ఆల్ పర్డీ

టొరంటో క్వీన్స్ పార్క్‌లో 2008లో పెట్టిన కెనడా కవి ఆల్ పర్డీ విగ్రహానికి ‘ఈ నేల గొంతు’ అని పేరు. కెనడాలో ఆయన్ను తలచుకునేది ఎక్కువగా ఆ మాటతోనే. నాకు మాత్రం ఆ బిరుదు ఆయనకు సరిపోలేదనిపిస్తుంది. నేలను పొగిడిన కవులకు ఏ దేశంలోనూ కరువు లేదు. తను అన్నది తప్పని అదే కవితలో ఒప్పుకునేవాళ్లే అరుదు.

1965లో పర్డీ కెనడా ఉత్తరపు కొసన మంచు ప్రాంతంలో ఉన్న బాఫిన్ ద్వీపానికి వెళ్లారు. అక్కడ విల్లో చెట్లు అడుగున్నర కూడా పెరగవు, నేలను కరుచుకుని ఉంటాయి. ‘ఆర్కిటిక్ వలయం దగ్గర చెట్లు’ కవితలో మొదట వాటిని పిరికివని ఈసడిస్తారు. ఆ వేర్లు ఎప్పటికీ కరగని మంచు నేలను తాకుతూ బతుకుతున్నాయని గుర్తొచ్చాక సిగ్గుపడతారు. అయినా ముందు అన్న మాటలు కొట్టెయ్యరు. తన తెలివితక్కువతనం అలాగే ఉండనీ అంటారు!

ఈ ధైర్యం పుట్టుకతో వచ్చింది కాదు. 1918లో అంటారియోలోని వూలర్‌లో పుట్టిన పర్డీ చదువు మధ్యలో మానేశారు. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో గూడ్సు బళ్లెక్కి పడమటికి పోయారు, పరుపుల ఫ్యాక్టరీలో పనిచేశారు. 1944లో సొంత డబ్బుతో వేసుకున్న తొలి పుస్తకం నిండా అరువు తెచ్చుకున్న పాత ఛందస్సే. 1957లో భార్య యురిథీతో కలిసి రాబ్లిన్ సరస్సు ఒడ్డున పాత కలపతో ఇల్లు కట్టుకున్నారు. చేతిలో డబ్బు లేదు. యురిథీ ఉద్యోగం చేయబట్టే ఆయన రాయగలిగారు (విగ్రహాలు పెట్టేటప్పుడు ఇలాంటివి ఎవరికీ గుర్తురావు). మనిషి మామూలుగా మాట్లాడే తీరు కవిత్వంలోకి వచ్చింది ఈ రోజుల్లోనే. ‘కారిబూ గుర్రాలు’ కవితా సంపుటికి కెనడాలో పెద్ద సాహిత్య పురస్కారమైన గవర్నర్ జనరల్ అవార్డు వచ్చేసరికి ఆయన వయసు నలభై దాటింది.

అందరూ చదివి వినిపించే ‘క్వింటే హోటల్‌లో’ సరదా కవిత. బీరు, కొట్లాట, సున్నితమైన మనిషినంటూ కవిగారి గొప్పలు. అంతకంటే అంటారియోలోని బెల్‌విల్ ఊరికి ఉత్తరాన ఉన్న ప్రాంతం గురించి రాసిందే నాకు పెద్ద కవిత. రాళ్ల నేలతో పోరాడి ఓడిపోయి, పొలాలు వదిలేసిన రైతులున్నారు అందులో.

ఆర్కిటిక్‌లో ఒకప్పుడు బతికి అంతరించిన డోర్సెట్ జాతిపై రాసిన కవితతోనే నాకు పేచీ. చనిపోయిన మనవరాలి కోసం దంతంతో హంసను చెక్కే చివరి మనిషిని పర్డీ ఊహించారు, ఊహేనని దాచలేదు కూడా. కవిత అద్భుతం. కానీ ఆర్కిటిక్ ఆదివాసులైన ఇనుయిట్ రచయితలు తమ ఉత్తరాది గురించి తామే రాస్తున్న ఈ రోజుల్లో చదివితే, ఆ జాతి తరఫున మాట్లాడే హక్కు తనకుందా అన్న అనుమానం ఆయనకు ఎందుకు రాలేదనిపిస్తుంది. మరుగుజ్జు చెట్ల ముందు అంతగా తడబడిన మనిషి, ఇక్కడ ఒక్కసారీ తడబడలేదు.