రామప్ప గుడిని యునెస్కోకు అప్పగించలేదు

2021 జులై 25న రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ జాబితాలో చోటు దక్కింది. అప్పటి నుంచి ఒక వాదన వాట్సాప్ గ్రూపుల్లోనూ ఫేస్‌బుక్‌లోనూ చేతులు మారుతూనే ఉంది. గుడి ఇప్పుడు యునెస్కో అధీనంలోకి వెళ్లిందనీ, మరమ్మతుల ఖర్చంతా ఆ సంస్థే భరిస్తుందనీ, విదేశీ నిపుణులు ఏటా వచ్చి తనిఖీ చేస్తారనీ, ఏ చిన్న తేడా కనిపించినా గుర్తింపు రద్దవుతుందనీ, మన ప్రభుత్వాలు పంపే నివేదికలు మాత్రం ఎవరూ చదవని లాంఛనాలనీ దాని సారాంశం. వీటిలో చివరి మాటలో కొంత నిజం ఉంది. మిగిలిన నాలుగూ తప్పు. గుడిని కాపాడే బాధ్యత ఎవరిదో తెలియని చోట ప్రజలు అడగవలసిన వారిని అడగడం మానేస్తారు కనుక, ఈ వాదనకు జవాబు చెప్పక తప్పదు.

ముందుగా అధీనం సంగతి. ప్రపంచ వారసత్వ ఒడంబడిక 1972లో కుదిరింది, భారతదేశం 1977లో దానిని ఆమోదించింది. కట్టడాన్ని గుర్తించడం, కాపాడడం, తర్వాతి తరాలకు అందించడం ప్రధానంగా అది ఉన్న దేశం బాధ్యత అని ఒడంబడిక నాలుగో అధికరణం చెబుతుంది. ఆ దేశపు సార్వభౌమాధికారాన్ని పూర్తిగా గౌరవిస్తామని ఆరో అధికరణం హామీ ఇస్తుంది. గుడి ఉన్న పాలంపేటలో ఒక్క రాయిని కదిలించాలన్నా, చుట్టుపక్కల ఒక గది కట్టాలన్నా వర్తించేది మన 1958 నాటి పురాతన కట్టడాల చట్టమే. 2010 సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. ఆ చట్టాన్ని అమలు చేయవలసింది కేంద్ర పురావస్తు శాఖ, దానికి తోడుగా రాష్ట్ర యంత్రాంగం. పారిస్‌లోని యునెస్కో కార్యాలయానికి ఇక్కడ ఒక కాపలాదారును నియమించే అధికారం కూడా లేదు.

డబ్బు విషయంలో అపోహ ఇంకా పెద్దది. ప్రపంచ వారసత్వ నిధికి డబ్బు వచ్చేదే సభ్యదేశాల నుంచి. ప్రతి దేశం యునెస్కో సాధారణ బడ్జెట్‌కు చెల్లించే వాటాలో గరిష్ఠంగా ఒక శాతాన్ని ఈ నిధికి తప్పనిసరిగా ఇవ్వాలి. అంటే మనం కూడా చెల్లిస్తున్నవాళ్లమే. ప్రపంచమంతటా 1,200కు పైగా ఉన్న స్థలాలకు ఆ నిధి ఏ మూలకూ సరిపోదు. జాబితాకు ప్రతిపాదన తయారు చేసుకోవడానికి ఒక దేశానికి దొరికే సాయం గరిష్ఠంగా 30,000 డాలర్లు. ఆపదలో ఉన్న స్థలాలకూ, స్తోమత లేని దేశాలకూ ముందు సాయం అందాలన్నది అక్కడి నియమం. రామప్ప పునాదుల కింద ఉన్న ఇసుక పొరను పరీక్షించాలన్నా, చెరువు గట్టును చూసుకోవాలన్నా ఖర్చు మన ఖజానా నుంచే రావాలి.

ఏటా తనిఖీ అన్న మాట ఎక్కడి నుంచి పుట్టిందో తెలియదు గానీ, పర్యవేక్షణ నిజంగా జరిగే తీరు అది కాదు. ఒడంబడిక 29వ అధికరణం కింద ప్రతి దేశం దాదాపు ఆరేళ్లకోసారి ఆవర్తన నివేదిక ఇవ్వాలి. ఇది రెండు భాగాల సుదీర్ఘ ప్రశ్నావళి. మొదటి భాగంలో దేశం తన చట్టాలు, సంస్థలు, నిధులు, శిక్షణ గురించి చెప్పాలి. రెండో భాగాన్ని ప్రతి స్థలానికీ విడివిడిగా, అక్కడి నిర్వహణాధికారి పూరించాలి. హద్దులు స్పష్టంగా ఉన్నాయా, కట్టడం చుట్టూ రక్షణగా ఉంచిన బఫర్ జోన్ పనిచేస్తోందా, కట్టడాన్ని దెబ్బతీస్తున్న కారణాలేమిటి, అవి పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా, స్థానికులకు నిర్వహణలో చోటుందా అన్నవి అందులోని ప్రశ్నలు. మూడో విడతలో ఆసియా, పసిఫిక్ దేశాల వంతు 2020, 2022 మధ్య వచ్చింది. ఫలితాలు 2023లో రియాద్ సమావేశంలో, జాబితాపై నిర్ణయాలు తీసుకునే ప్రపంచ వారసత్వ కమిటీ ముందుకు వెళ్లాయి.

పర్యవేక్షణకు రెండో దారి ముప్పు తలెత్తినప్పుడు తెరుచుకుంటుంది. వంతెనో, గనో, హోటలో, యుద్ధమో ఒక స్థలం విలువకు చేటు తెస్తుందనిపిస్తే, పరిరక్షణ స్థితిపై నివేదిక ఇవ్వమని కమిటీ ఆ దేశాన్ని గడువు పెట్టి అడుగుతుంది. కట్టడాలైతే ఐకోమోస్, అడవులూ వన్యప్రాణులైతే ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ నిపుణుల సంస్థలు ఆ నివేదికను పరిశీలిస్తాయి. అవసరమైతే నిపుణుల బృందం వస్తుంది, అదీ ఆ దేశం ఆహ్వానించిన మీదటే. పెద్ద పునరుద్ధరణలనూ కొత్త నిర్మాణాలనూ వెనక్కి తీసుకోలేని నిర్ణయం జరగకముందే కమిటీకి తెలియజేయాలని ఒడంబడిక అమలుకు రాసుకున్న కార్యాచరణ మార్గదర్శకాల 172వ పేరా కోరుతుంది. 174వ పేరాను మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ప్రభుత్వం కాక మరొకరి నుంచి సమాచారం అందితే, కమిటీ సచివాలయం దాని నిజానిజాల గురించి ఆ ప్రభుత్వాన్ని వివరణ అడుగుతుంది. ఆ మరొకరు ఒక పరిశోధకుడు కావచ్చు, పాలంపేట రైతు కావచ్చు.

గుర్తింపు వెంటనే రద్దవుతుందన్న భయానికి కూడా ఆధారం లేదు. ఒడంబడిక మొదలైనప్పటి నుంచి జాబితా నుంచి పూర్తిగా తొలగించినవి మూడే స్థలాలు. ఒమన్ తన ఓరిక్స్ (ఒక రకం జింక) అభయారణ్య విస్తీర్ణాన్ని 90 శాతం తగ్గించినందుకు 2007లో, ఎల్బే నదిపై నాలుగు వరుసల వంతెన కట్టినందుకు జర్మనీలోని డ్రెస్డెన్ లోయ 2009లో, రేవు ప్రాంతంలో కొత్త భవనాలు లేచినందుకు బ్రిటన్‌లోని లివర్‌పూల్ 2021లో ఆ గుర్తింపు కోల్పోయాయి. లివర్‌పూల్‌ను తొలగించిన సమావేశమూ రామప్పను చేర్చిన సమావేశమూ ఒకటే, మధ్య తేడా నాలుగు రోజులు. మన సంబరాల్లో ఆ వార్త ఎవరి చెవికీ ఎక్కలేదు. లివర్‌పూల్ కూడా ఒక్కరోజులో పోలేదు. 2012లోనే ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితాలో చేరి, తొమ్మిదేళ్ల పాటు ఉత్తర ప్రత్యుత్తరాలు సాగాక పోయింది.

ఆ ప్రమాద జాబితాను శిక్షగా చూడడం ఇంకో పొరపాటు. మనకు దగ్గరి ఉదాహరణ హంపి. 1986లో గుర్తింపు పొందిన హంపిని, తుంగభద్రపై రెండు వేలాడే వంతెనల నిర్మాణం మొదలైన కారణంగా 1999లో ఆ జాబితాలో చేర్చారు. విరూపాక్ష దేవాలయమో విఠ్ఠలుని రాతి రథమో కూలిపోతున్నాయని కాదు. నదీ బండరాళ్లూ కోటలూ మండపాలూ కలిసి ఉన్న ఆ దృశ్యం మొత్తాన్ని వంతెనా, దాని మీద నడిచే వాహనాలూ చెడగొడతాయని. పనులు ఆగాయి, నిపుణులు వచ్చారు, ప్రశ్నలు అడిగారు. అంతవరకూ పురావస్తు శాఖ, రాష్ట్ర శాఖలు, పంచాయతీలు ఎవరి హద్దులో వారు పనిచేసిన చోట, కర్ణాటక 2002లో చట్టం చేసి హంపికి ఒకే నిర్వహణ ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసింది. 2006లో హంపి ప్రమాద జాబితా నుంచి బయటపడింది. ఆ రెండు వంతెనల్లో ఒకటైన, తర్వాత తిరిగి మొదలైన ఆనెగొంది వంతెన 2009 జనవరిలో నిర్మాణంలో ఉండగానే కూలి కార్మికుల ప్రాణాలు తీసింది. హంపి దగ్గర నదిలో ఉన్న విరూపాపుర గడ్డలోని అక్రమ రిసార్టుల తొలగింపును 2020లో సుప్రీంకోర్టు సమర్థించింది. అస్సాంలోని మానస్ అభయారణ్యం 1992లో ప్రమాద జాబితాలో చేరి, 2011 వరకు అక్కడే ఉండి బయటికొచ్చింది. ఈ రెండూ ఆ జాబితా వల్ల నష్టపోయినవి కావు. వాటి సమస్యలకు పేరూ గడువూ దొరికింది దాని వల్లే.

ఇక నివేదికలు లాంఛనాలేనన్న మాట. తన పనితీరు గురించి ప్రభుత్వమే రాసుకునే పత్రంలో మెత్తదనం ఉంటుందన్నది వాస్తవం. ఒత్తిళ్లూ ఉంటాయి. వాతావరణ మార్పు, పర్యాటక స్థలాలపై 2016లో వెలువడిన యునెస్కో నివేదిక నుంచి గ్రేట్ బ్యారియర్ రీఫ్ సహా తమ దేశానికి సంబంధించిన భాగాలను ఆస్ట్రేలియా ప్రభుత్వం తీసివేయించింది. ఆ పగడపు దిబ్బను ప్రమాద జాబితాలో చేర్చాలన్న సిఫార్సును 2021లో కమిటీ పక్కన పెట్టింది. కమిటీలోని 21 మంది సభ్యులూ దేశాల ప్రతినిధులే కనుక దౌత్యం అక్కడ పనిచేస్తుంది. రామప్ప విషయంలో కూడా ఐకోమోస్ సందేహాలు వ్యక్తం చేసింది, చివరికి సభ్యదేశాల మద్దతుతోనే గుడి జాబితాకెక్కింది. ఆ సందేహాలను అవమానంగా తీసుకోకుండా పనుల జాబితాగా చదువుకోవడం మంచిదని నా అభిప్రాయం.

అయితే లోపమున్న నివేదికకూ, అసలు నివేదికే లేకపోవడానికీ తేడా చాలా ఉంది. 2013లో ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ 1,655 కేంద్ర రక్షిత కట్టడాలను స్వయంగా పరిశీలించి, వాటిలో 92 కనిపించడం లేదని తేల్చింది. తర్వాత వెతకగా 42 దొరికాయి. మిగిలిన 50లో 14 పట్టణాల విస్తరణకు బలయ్యాయి, 12 జలాశయాల్లో మునిగాయి, 24 ఎక్కడున్నాయో తెలియదు. వాటిని గురించి ఆరేళ్లకోసారి ప్రశ్నావళి పూరించమని ఎవరూ అడగలేదు. హంపికి ఆ గతి పట్టకపోవడానికి, ప్రమాద జాబితాలో ఉన్నన్నాళ్లూ ఏటేటా జవాబు చెప్పవలసి రావడం ఒక కారణం. ఆనాటి నుంచి హంపిపై కమిటీ చేసిన తీర్మానాలు ప్రపంచ వారసత్వ కేంద్రం వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు.

చదువుకోవచ్చు గానీ, ఇంగ్లిష్‌లోనో ఫ్రెంచ్‌లోనో. నివేదికలను ఆ రెండు భాషల్లో ఒకదానిలోనే సమర్పించాలన్నది నియమం. దానిని తెలుగులోకి తేవద్దని మాత్రం ఏ నియమమూ చెప్పదు. రామప్ప నిర్వహణ ప్రణాళికనూ, గుడిపై కేంద్రం పంపే ప్రతి నివేదికనూ తెలుగులో ముద్రించి పాలంపేట గ్రామ పంచాయతీ కార్యాలయంలో ఉంచాలని పురావస్తు శాఖనూ తెలంగాణ ప్రభుత్వాన్నీ కోరుతున్నాను. చెరువు నీరు ఎంతవరకు వచ్చిందో, కొత్త గోడ ఎక్కడ లేచిందో, ఏ శిల్పం మీద పగులు పెరిగిందో ఆ ఊరివాళ్లకే ముందుగా కనిపిస్తుంది. కాగితంలో రాసినది నిజమో కాదో చెప్పగలిగేదీ వాళ్లే.