మక్కా 1987: హజ్ కోటా సంగతి వదిలేశారు

1987 జులై 31న హజ్ సమయంలో మక్కాలో ఇరాన్ యాత్రికులకు, సౌదీ పోలీసులకు మధ్య జరిగిన ఘర్షణను నేను చదివిన ఒక వ్యాసం ‘తొక్కిసలాట’ అని ఒక్క ముక్కలో తేల్చేసింది. అది సౌదీ ప్రభుత్వ కథనం. పోలీసులు కాల్పులు జరిపారన్నది ఇరాన్ ఆరోపణ. రెండూ చెప్పి ఉండాల్సింది. సౌదీ లెక్క ప్రకారమే 402 మంది చనిపోయారు, అందులో 275 మంది ఇరానీయులు, 85 మంది సౌదీలు.

ఆనాటి నేపథ్యం కూడా ముఖ్యమే. ఇరాన్, ఇరాక్ యుద్ధంలో సౌదీ డబ్బు ఇరాక్ అధ్యక్షుడు సద్దాం వైపు ఉంది. ఇరాన్ అధినేత ఖొమైనీ హజ్‌ను అమెరికా, ఇజ్రాయెల్ వ్యతిరేక ప్రదర్శనలకు వేదికగా చూశారు. హజ్‌లో వాదులాట కూడదని ఖురాన్ స్పష్టంగా చెబుతున్నా సౌదీ, ఇరాన్ ఇద్దరూ పట్టించుకోలేదు, నా దృష్టిలో ఇద్దరూ దోషులే.

మర్నాడే టెహ్రాన్‌లో సౌదీ రాయబార కార్యాలయంపై దాడి జరిగింది, ఒక దౌత్యాధికారి ప్రాణం పోయింది. 1988 ఏప్రిల్‌లో సౌదీ సంబంధాలు తెంచుకుంది. 1988 నుంచి 1990 వరకు మూడేళ్లు ఇరాన్ యాత్రికులు హజ్‌కు రాలేదు. 1991లో రెండు దేశాలూ మళ్లీ కలిశాయి. 2016లో మళ్లీ అదే తంతు: సౌదీలో షియా మతగురువు షేక్ నిమ్ర్‌కు మరణశిక్ష, టెహ్రాన్‌లో దాడి, తెగతెంపులు.

వ్యాసకర్త అసలు ముట్టుకోనిది కోటా, అంటే ఏ దేశం నుంచి ఎందరు హజ్‌కు రావచ్చన్న పరిమితి. ప్రతి వెయ్యి మంది ముస్లింలకు ఒక్కరు అనే లెక్కను ఇస్లామిక్ దేశాల సంస్థ 1988లో ఆమోదించింది. ఇరాన్ వాటా 45,000కు పడిపోయింది, ఆ మూడేళ్లు ఇరాన్ హజ్‌ను బహిష్కరించడానికి అదీ ఒక కారణం. హైదరాబాద్‌లోనో కర్నూలులోనో హజ్ కమిటీ లాటరీలో పేరు రాక ఏళ్లుగా ఎదురుచూసేవాళ్ల నిరీక్షణ వెనుక ఆ లెక్కే ఉంది.