నడకకు బహుమతి ఎవరికివ్వాలి?

బెంగళూరులో మారతహళ్లి దగ్గర మా ఆఫీసులో పోయిన ఏడాది నడక పోటీ పెట్టారు. నెల రోజుల పాటు రోజుకు పదివేల అడుగులు. ఎక్కువ నడిచినవాళ్లకి గిఫ్ట్ కూపన్లు. మొదటి వారం ఆ ఊపు చూడాలి! లిఫ్టు దగ్గర జనమే లేరు, భోజనం కాగానే గుంపులు గుంపులుగా క్యాంపస్ చుట్టూ తిరిగేవాళ్లు.

మా టీంలో మోకాళ్ల నొప్పులున్న కడప అక్క ఒకరున్నారు. రోజుకు రెండు వేల అడుగులు కూడా వేయని మనిషి, ఆ వారంలో నాలుగున్నర వేలకి చేరారు. సోమవారం పట్టిక వచ్చింది. అక్క పేరు 212వ స్థానంలో ఉంది. పైనున్నవాళ్లంతా ముందు నుంచీ తెల్లారకముందే కబ్బన్ పార్కులో పరుగెత్తేవాళ్లే. "వీళ్లతో నేను యాడ సరితూగుతానమ్మా" అంటూ చేతి వాచీ తీసి డ్రాయర్లో పెట్టేశారు. నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందరికంటే ఎక్కువ మారింది ఆవిడే కదా!

పోటీలు వద్దని నేననను. ఎవరి పాత లెక్కతో వాళ్లకే పోటీ పెట్టండి అంటాను. అసలు ఈ పదివేలు డాక్టర్లు తేల్చిన అంకె కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన, అడుగులు లెక్కపెట్టే ఒక పెడోమీటర్ పేరు మాన్‌పో-కే, అంటే పదివేల అడుగుల మీటరు. అక్కడి నుంచి పాకిన లెక్క ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. ఐదు రోజులకి పంచితే రోజుకి అరగంట.

డబ్బు ఆశ పని చేస్తుంది, కాదనలేం. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 281 మంది ఉద్యోగులకి రోజుకు 7,000 అడుగుల లక్ష్యం పెట్టి చూసి, 2016లో ఫలితాలు వెల్లడించారు. నెల మొదట్లోనే తమ పేరున 42 డాలర్లు జమై, తప్పిన రోజుకి అందులోంచి 1.40 డాలర్ల చొప్పున కోత పడినవాళ్లు 45 శాతం రోజులు లక్ష్యం అందుకున్నారు. ఏ బహుమతీ లేనివాళ్లు 30 శాతమే. చేతికొచ్చింది పోతుందంటే ఎవరికైనా బాధే. కానీ అదే ఏడాది సింగపూర్‌లో 800 మంది ఉద్యోగుల మీద జరిగిన అధ్యయనంలో, ఆరు నెలలకి డబ్బివ్వడం ఆపాక ఆ పెరిగిన నడక నిలవలేదు.

కాబట్టి కూపన్లతో మొదలుపెట్టించినా, నడక నిలవాలంటే టైం ఇవ్వాలి. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో రోజుకి రెండు మూడు గంటలు పోగొట్టుకుని, భోజనం కూడా కాల్ వింటూ తినే మనిషి ఎప్పుడు నడుస్తాడు? ఇది చదివేవాళ్లలో మేనేజర్లూ ఉంటారు. వాళ్లకి నా విన్నపం ఒక్కటే: భోజనం తర్వాత అరగంట ఏ మీటింగూ పెట్టకండి.

అక్కా నేనూ రెండు నెలల నుంచి క్యాలెండర్లో ఆ అరగంటని మా ఇద్దరి పేరున బ్లాక్ చేసి పెట్టుకున్నాం. చెట్ల నీడ పట్టుకుని నెమ్మదిగా రెండు రౌండ్లు వేస్తాం. మొన్న గురువారం మూడో రౌండు వేద్దామని అక్కే అడిగారు.