శిక్షణ గారికి, బీరువా తాళం నా దగ్గరే ఉంది

మహారాజశ్రీ వృత్యంతర శిక్షణ గారి దివ్య సముఖమునకు,

ఉద్దానంలోని ఒకానొక జిల్లా పరిషత్ హైస్కూలు హిందీ పండిట్, అదనపు బాధ్యతగా లైబ్రరీ ఇన్‌చార్జి, అనేక నమస్కారములు చేసి వ్రాయునది. ఉభయకుశలోపరి. మొన్న శనివారం శ్రీకాకుళంలో, ఉద్యోగంలో ఉన్న మా టీచర్లకి తమరు చేసిన ‘పాఠశాల గ్రంథాలయ నిర్వాహకుల సామర్థ్యాల పెంపు’ ముగించుకుని క్షేమంగా ఇల్లు చేరాను. పెరిగిన సామర్థ్యం కూడా వెంట వచ్చిందేమోనని సంచీ వెతికాను. ఒక ప్యాడ్, ఒక ఫోల్డర్, ఒక పెన్ను ఉన్నాయి. పెన్ను రాయడం లేదు.

తమరి పిలుపు ఎప్పటిలాగే ముందురోజు రాత్రి భోజనాల వేళకి వాట్సాప్‌లో వచ్చింది. ఉదయం తొమ్మిదికల్లా హాజరు కావలెను, గైర్హాజరైన వారిపై తగు చర్యలు తీసుకొనబడును. చీకటితో లేచి కాశీబుగ్గలో బస్సు పట్టుకుని, నిలబడే వచ్చి, తొమ్మిదికి హాలు ముందున్నాం. ముఖం చూపించి ఫోన్లో హాజరు వేసుకున్నాం. పాఠం చెప్పవలసిన రిసోర్స్ పర్సన్ గారు పదకొండుకి వేంచేశారు. ఆయన ముఖం ఏ ఫోనూ అడగలేదు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఆ తర్వాత ముగ్గురు వక్తలు. ముగ్గురూ చిరిగిన చొక్కా, మంచి పుస్తకం మాటే చెప్పారు. ముగ్గురివీ ఇస్త్రీ చొక్కాలే.

వీటి గురించి నాకు ఫిర్యాదు లేదు. ఇన్నేళ్ల సర్వీసులో అలవాటైపోయాయి. నా బాధ వేరే.

రెండో స్లైడులో రంగనాథన్ గారు వచ్చారు. రావలసిన మనిషే. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆయనే ఆద్యుడు. అయితే ఆయన కూడా మొదట లెక్కల మేస్టారేనని తమరు చెప్పలేదు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయన్ని లైబ్రేరియన్‌గా వేసుకుంది. ఆ పని నేర్చుకోమని లండన్ పంపింది. మాకు హిందీ పీరియడ్లు తక్కువని మా హెచ్ఎం గారు లైబ్రరీ అప్పగించారు. నేర్చుకోమని తమరి దగ్గరికి పంపారు. ఎవరి ప్రాప్తం వారిది.

ఆయన 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో మొదటిది: పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి. తర్వాతి స్లైడులో, ఒకప్పుడు యూరప్ గ్రంథాలయాల్లో పుస్తకాలను ఇనప గొలుసులతో అరలకి కట్టేసిన బొమ్మ వేశారు. “చూశారా, ఎంత వెనకబడిన రోజులో!” అన్నారు రిసోర్స్ పర్సన్ గారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను గానీ, బీరువా తాళంచెవి నా జేబులోనే ఉంది.

మా లైబ్రరీ అంటే స్టాఫ్‌రూములో ఒక ఇనప బీరువా, రెండు చెక్క అలమరలు. బీరువా తాళం రెండు చుట్లు తిప్పాలి. అయినా కింద పట్టేస్తుంది, మోకాలితో ఒక్కటిస్తే గానీ తలుపు రాదు. లోపల బొమ్మల కథలున్నాయి, సైన్సు పుస్తకాలున్నాయి, నిఘంటువులున్నాయి. బడులకి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం వాళ్లు లైబ్రరీ గ్రాంటు కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా ఇచ్చేలా పెట్టారు కాబట్టి కొత్తవీ చేరుతుంటాయి. పుస్తకాలు లేవని నేనెప్పుడూ అనలేదు. మరి తాళం ఎందుకు వేస్తున్నాను? పిల్లలంటే నాకు పగా?

స్టాక్ రిజిస్టరు, మహాశయా. ప్రతి పుస్తకానికీ ఒక నంబరు, ఒక వెల, పక్కన నా సంతకం. బదిలీ అయితే లెక్క అప్పజెప్పాలి. రిటైరైతే లెక్క అప్పజెప్పాలి. తగ్గితే ఎవరిస్తారు? ఆ గడిలో సంతకం పెట్టినవాడే ఇస్తాడు. నా ముందు ఇన్‌చార్జిగా చేసిన మేస్టారికి రిటైరయ్యే నెలలో లెక్క తక్కువొచ్చింది. పెన్షన్ కాగితాలు ఆగిపోతాయన్న టెన్షన్‌తో ఆయన విశాఖ వెళ్లి, పాత పుస్తకాలు కట్టగా కొనుక్కొచ్చి, పోయినవాటి నంబర్లు వాటి మీద వేసి పెట్టేశారు. భౌతికశాస్త్రం అని రాసి ఉన్నచోట ఇప్పుడు పాకశాస్త్రం ఉంది. శాస్త్రానికి శాస్త్రం సరిపోయింది, ఆయనకి పెన్షనూ వచ్చింది.

ఇంతకన్నా గొప్పది మా గోనెసంచీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస వైపే తీరం దాటింది కదా. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడుకుండిపోయాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మా స్టాఫ్‌రూము మీది రేకులూ ఎగిరిపోయాయి. ఒక అలమర పుస్తకాలు పూర్తిగా నానిపోయాయి. ఎండబెడితే పేజీలన్నీ కలిసి పలకల్లా గట్టిపడ్డాయి. పడిపోయిన కొబ్బరిచెట్లు లెక్క రాయడానికి ఊళ్లోకి మనుషులొచ్చారు. మా పుస్తకాలు లెక్క రాసిన నాథుడు లేడు. పారేద్దామంటే “పారేస్తే ఆడిట్‌కి ఏటి సూపిస్తారు మేస్టారూ?” అని మా క్లర్కు గారి మాట. నిజమే. అందుకని వాటిని గోనెసంచీలో కుక్కి, మూతి కట్టి, నంబర్ల చీటీ అతికించి మూల పెట్టాం. రిజిస్టర్లో అవన్నీ నేటికీ సజీవులే. ఏటా స్టాక్ వెరిఫికేషన్లో ఆ సంచీని లెక్కేస్తాను. బడి పిల్లి ఏటా దాని మీదే పిల్లల్ని పెడుతుంది. మా లైబ్రరీలో క్రమం తప్పకుండా వచ్చే పాఠకురాలు అదొక్కతే.

ఇదంతా మనసులో పెట్టుకుని, గొలుసుల బొమ్మ మీద నవ్వులు ఆగాక, లేచి నిలబడి అడిగాను. “సార్, పిల్లాడు ఇంటికి పట్టుకెళ్లిన పుస్తకం పోతే ఎవరు కట్టాలి? పాడైపోయినవాటిని రిజిస్టర్లోంచి తీసేయాలంటే ఎవరి సంతకం కావాలి?”

“చాలా మంచి ప్రశ్న” అన్నారు. తమరి నోట ఆ మాట వస్తే జవాబు రాదని అర్థం. చివర్లో ప్రశ్నల సమయంలో చూద్దామన్నారు. చివర్లో గ్రూప్ ఫోటో వచ్చింది. ఫోటో అయ్యాక నేను ఆయన వెనకాలే మెట్లు దిగుతూ మళ్లీ అడిగాను. “అది పాలసీ మేటర్ మేస్టారూ, పైకి రాయండి” అన్నారు. పైకి రాశానండీ, ఎప్పుడో రాశాను. పైనుంచి వచ్చిన జవాబు నా ఫైల్లో భద్రంగా ఉంది: ‘సదరు సందేహములను శిక్షణా తరగతులలో నివృత్తి చేసుకొనగలరు.’

మధ్యలో మీరు చెప్పినవి కూడా విన్నాను. అబద్ధం ఎందుకు, శ్రద్ధగానే విన్నాను. పుస్తకం గేటు దాటితే కూత పెట్టే ఆర్ఎఫ్ఐడీ గురించి గంటసేపు చెప్పారు. మా స్టాఫ్‌రూముకి తలుపే సరిగా పడదు, గేటెక్కడ? న్యూజిలాండ్‌లో పుట్టిన కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉచితమన్నారు. సంతోషం. బడిలో పనిచేసే కంప్యూటరు ఒక్కటే, అది హెచ్ఎం గారి గదిలో మధ్యాహ్న భోజనం లెక్కలు చూసుకుంటోంది. విషయాన్ని బట్టి పుస్తకాలకి నంబర్లిచ్చే, డ్యూయీ గారు 1876లో వేసిన దశాంశ పద్ధతి నోట్స్ రాయించారు. అమెరికా సాహిత్యానికి 810, ఇంగ్లీషు సాహిత్యానికి 820, మన తెలుగుకి 894.827. మా బీరువాలో సగానికి పైగా ఆ ఒక్క నంబరు కిందికే వస్తాయి. అన్నిటికీ ఒకటే చీటీ అతికించి ఏం వెతకమంటారు?

మెళియాపుట్టి వైపు నుంచి వచ్చిన టీచరమ్మ ఒకావిడ, మా సవర గిరిజన పిల్లలకి వాళ్ల భాషలో చిన్న పుస్తకాలేమైనా ఇప్పించగలరా అని అడిగింది. గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన జిల్లా ఇది. ఆయన సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు నడిపాడు. మీరు సర్కారు వారి పాఠాల యాప్ దీక్షలో వెతుక్కోమన్నారు.

పైగా నూతన విద్యా విధానం 2020 ప్రకారం టీచరుకి ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలని గుర్తుచేశారు. అదే పత్రంలో గ్రంథాలయాలకి తగినంత సిబ్బంది కావాలని కూడా రాసి ఉంది. ఆ పేజీ మీ స్లైడుల్లో లేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఒక లైబ్రరీ, వార్తాపత్రికలు, పత్రికలు, కథల పుస్తకాలు అని స్పష్టంగా ఉంది. వాటిని తీసి పిల్లల చేతికిచ్చే మనిషి మాత్రం అందులో లేడు. ఆ లేని మనిషి పనే మేం చేస్తున్నాం. ఆ లేని మనిషికే మీరు శిక్షణ ఇస్తున్నారు.

ఒక మాట ఒప్పుకోవాలి. నువ్వు పిలవకపోతే నాకు ఆ మేడం గారు తగిలేవారు కాదు. హాల్లో ఆఖరి వరసలో కూర్చున్నారు. గురుకుల పాఠశాలలో నిజమైన లైబ్రేరియన్, లైబ్రరీ సైన్సులో ఎంఏ స్థాయి చదువు చదివినావిడ. స్టేజీ మీద రిసోర్స్ పర్సన్ గారు, అంటే ఒక బయాలజీ సారు, డ్యూయీ గురించి చెబుతుంటే ఆవిడ కింద కూర్చుని నోట్స్ రాసుకున్నారు, హాజరు పట్టీలో ఆవిడ ట్రైనీ కాబట్టి. సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్సులో టెక్కలి బస్సు కోసం చూస్తూ నా ప్రశ్నకి ఆవిడ జవాబు చెప్పారు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి, 2017. నియమం 215. ఏడాదిలో వాడకానికి ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకీ ఐదు పోతే అది సహజమైన నష్టమే, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే చాలు. వెయ్యి రూపాయల పైబడిన పుస్తకమో, అరుదైన పుస్తకమో పోతే మాత్రం విచారణ తప్పదు.

ఫోన్లో తెరిచి చూపించారు. ఆ బస్టాండు గోలలో రెండుసార్లు చదువుకున్నాను. పైసా పైసాకీ పద్దు రాయించే ఢిల్లీ ఖజానా వాళ్లే ఒప్పుకున్నారయ్యా, పుస్తకం చదివితే పోతుందని, పోవడానికి ఒక లెక్క ఉంటుందని! అది కేంద్ర కార్యాలయాల నియమం, మా జిల్లా పరిషత్ బడిది కాదు, తెలుసు. కానీ వెయ్యికి ఐదు అన్న ఆ ఒక్క ముక్క నీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సాగిన స్లైడుల్లో ఎక్కడైనా ఉందా? ఇదిగో ఇలాంటి ఉత్తర్వు మన బళ్లకి కూడా తెప్పిస్తాం, అందాకా హెచ్ఎం, ఇన్‌చార్జి, తల్లిదండ్రుల కమిటీ కలిసి తీర్మానం రాసుకోండి అని ఒక్కడైనా చెప్పాడా? చెప్పి ఉంటే ఆ హాల్లో ఉన్న ప్రతివాడూ సోమవారం పొద్దున్నే బీరువా తీసేవాడు. నీ ఆర్ఎఫ్ఐడీ దేనికి? దొంగని పట్టుకోవడానికి! మా పిల్లలు దొంగలు కారు. పుస్తకం పట్టుకెళ్లి చెల్లికి చదివి వినిపించి, వానలో తడిపేసి, ఏడుస్తూ తెచ్చిచ్చేవాళ్లు. వాళ్ల దగ్గర నన్ను వసూలు గుమాస్తాని చేసింది ఆ రిజిస్టరు. ఆ రిజిస్టరు గురించి ఒక్క అక్షరం మాట్లాడని నువ్వు, నాకు రంగనాథన్ సూత్రాలు బట్టీ పట్టిస్తావా?

అసలు నీకు హాలెందుకు, జ్యోతి ఎందుకు? అదే శ్రీకాకుళంలో, విశాఖ-ఏ కాలనీలో, తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం ఉంది. 1997లో కథారచయిత కాళీపట్నం రామారావు మేస్టారు పెట్టింది. ఆయనా బడిపంతులే. తనకొచ్చిన అవార్డు డబ్బు అందులో పెట్టి, పాత పత్రికలు ఎవరి అటక మీదున్నాయంటే అక్కడికి మనుషుల్ని పంపించి, తెలుగు కథని ఒకచోట చేర్చాడు. శాలువాల ఖర్చుతో మమ్మల్ని ఆటోలెక్కించి తీసుకెళ్లి ఆ అరల మధ్య ఒక పూట వదిలేసి ఉంటే, నీకు నేనే దండ వేసేవాణ్ని.

సరే. కోపం ఎక్కువైంది, క్షమించగలరు. ఈలోగా మళ్లీ తమరి మెసేజ్ వచ్చింది. వచ్చే నెల రెండో విడత. అంశం: ‘కృత్రిమ మేధతో గ్రంథాలయ నిర్వహణ’. తప్పక వస్తాను, రాకపోతే తగు చర్యలుంటాయి కదా. ఈసారి గోనెసంచీ కూడా తెస్తున్నాను. లగేజీ టికెట్ నేనే తీసుకుంటాను. జ్యోతి ప్రజ్వలన పక్కన కొంచెం చోటు ఉంచగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
హిందీ పండిట్ (లైబ్రరీ అదనం)

తా.క.: సంచీ అందినట్టు రసీదు మీద సంతకం ఎవరు చేస్తారో ముందుగా తెలియజేయవలెను. రిజిస్టర్లో రాసుకోవాలి.